నాలుగో తరగతి పేర్లు చెప్పని రోజు

ఇప్పుడు బడుల్లో కంప్యూటర్ పాఠాలు చెబుతున్న కుర్ర టీచర్లు కనిపించినప్పుడల్లా నన్ను ఒకటే అడుగుతారు. "మేడమ్, మీ రోజుల్లో పిల్లలకి ఇంటర్నెట్ జాగ్రత్తలు చెప్పేవారా?"

చెప్పాను బాబూ. చాలా బాగా చెప్పాను. ఎంత బాగా చెప్పానంటే, ముప్పై ఆరుమంది పిల్లలు, ఒక మండల విద్యాధికారి, ఒక గొడుగు, ఒక స్కూటరు కలిసి ఊరేగింపుగా చోడవరం పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాల్సి వచ్చింది. అప్పటికి మా బడిలో ఇంటర్నెట్ లేదు. ఆ మాటకొస్తే టెలిఫోనూ లేదు.

తొంభైల చివరి సంగతి ఇది. నేను అసలు టైపు నేర్పే మనిషిని. మెయిన్ రోడ్డులో ఒక మేడ మీద ఆరు టైపు మిషన్లుండేవి, వాటి మీద ఇంగ్లీషు హయ్యరు పరీక్షకి కట్టే పిల్లలకి చెప్పేదాన్ని. కంప్యూటర్లు వస్తున్నాయన్న పుకారుకే మా ఇన్‌స్టిట్యూట్ సగం ఖాళీ అయింది. మిగతా సగం ఖాళీ అయ్యేలోపు నేను విశాఖపట్నం వెళ్ళి మూడు నెలల కోర్సు చేసి, సర్టిఫికెట్ పట్టుకుని ఇంటికొచ్చాను. రెండో రోజునే ఒక ప్రైవేటు ప్రాథమిక పాఠశాల కరస్పాండెంటు గారి దగ్గర్నుంచి కబురొచ్చింది. ఆయన చెరకు రైతు, బడి కూడా నడిపేవారు. రెండూ ఒకేలా నడిపేవారు, పొద్దున్న ఒకసారి గట్టు మీద నిలబడి చూసి వెళ్ళిపోయేవారు.

"బోర్డు మీద కంప్యూటర్ విద్య అని రాయించీసేను టీచరు గారూ," అన్నారు. "రంగు ఆరే లోపల మీరు చేరిపోవాల."

చేరిపోయాను. కంప్యూటరు ఒక్కటే. దానికొక గది, గదికి కిటికీ తెర, తెర కదలకుండా రెండు ఇటుకలు. చెప్పులు బయట విప్పాలి. మా ఆయా రోజూ పొద్దున్నే కంప్యూటరు అద్దం తుడిచి, తుడిచిన చేత్తోనే దాని నెత్తి మీద చిన్న బొట్టు పెట్టేది. ఒక్కో తరగతికి వారానికి రెండు పీరియడ్లు. అందరూ ఆ ఒక్కదాన్ని ముట్టుకోవాలంటే ఏడాది సరిపోదు కాబట్టి ఒక ఉపాయం చేశాను. పరీక్ష అట్టల మీద కీబోర్డు గీయించాను. ప్రతి పిల్లా పిల్లాడూ ఒళ్ళో అట్ట పెట్టుకుని దాని మీద వేళ్ళు ఆడించేవాళ్ళు. కరెంటు పోయినా నా క్లాసు ఆగేది కాదు. ఊరంతా చీకటైపోయిన మధ్యాహ్నాల్లో కూడా మా పిల్లలు టకటకా టైపు చేస్తూనే ఉండేవాళ్ళు.

"టీచర్, మనం కొట్టింది ఎక్కడికెల్తాదండి?" అని ఒకడు అడిగాడు.

"లోపలికి వెళ్తుంది," అన్నాను. వాడు అట్ట తిరగేసి చూసుకున్నాడు.

తోటి ఉపాధ్యాయుల్లో తెలుగు మాస్టారి గురించి చెప్పాలి. యాభై దాటిన మనిషి. అచ్చు గుద్దినట్టుండే చేతిరాత. అందుకని బడిలో రిజిస్టర్లన్నీ ఆయన చేతే రాయించేవారు. నా గది ముందు నుంచి వెళ్ళేటప్పుడల్లా ఆగి లోపలికి తొంగి చూసేవారు.

"ఆ పెట్టి సెప్పిన మాట ఇంటాదేటమ్మా?" అని ఓసారి అడిగారు.

"వింటుందండి."

"అయితే నాలుగో తరగతిని తీసి దాన్లో పెట్టీ. దాన్ని తెచ్చి నాలుగో తరగతిలో కూకోబెట్టు."

నాలుగో తరగతి అలాంటిదే. ఒక మాట నచ్చితే పట్టుకుని వదలరు. వాళ్ళకి నాయకురాలు ముందు బెంచీలో కూర్చునే ఒక పొట్టి అమ్మాయి. రెండు జడలు, రెండు రంగుల రిబ్బన్లు. ఏ మాట చెప్పినా "నిజవేనండీ?" అని ఒకసారి అడిగేది. నిజమే అంటే ఇక దానికి తిరుగులేదు.

ఇంటర్నెట్ జాగ్రత్తల పాఠం నేను చెప్పడానికి కారణం నా పరువు పోవడం. ఆదివారాలు విశాఖపట్నం వెళ్ళి పై కోర్సు చదువుకునేదాన్ని. ఆ సెంటర్లో కొత్తగా ఇంటర్నెట్ పెట్టించి, ఒకరోజు మమ్మల్ని అరగంట చాటింగ్ చేసుకోమని వదిలారు. బెంగుళూరు నుంచి ఒక టీచరు నాతో మాట కలిపింది. ఆవిడా చిన్న తరగతులకే చెబుతుందట. ఆవిడకీ ఒకటే కంప్యూటరట. నాకు ప్రాణం లేచొచ్చింది. పేరు అడిగితే పేరు చెప్పాను. నాన్నగారి పేరు, ఊరు, వీధి, "ఎదురుగా పిండిమర" అని ఇంటి ఆనవాలు కూడా చెప్పాను. ఇంకా పెళ్ళి కాలేదని టైపు చేస్తుండగా నా వెనక మూడో కుర్చీలో ఉన్న కుర్రాడు పొట్ట పట్టుకుని నవ్వుతూ, "ఎదురుగా పిండిమర!" అని గదంతా వినిపించేలా చదివాడు. బెంగుళూరు టీచరు వాడే.

తిరుగు బస్సులో అనకాపల్లి దాటేదాకా తలెత్తలేదు. చోడవరంలో దిగేసరికి మాత్రం ఒక నిర్ణయానికి వచ్చాను. నా పిల్లలకి ఈ గతి పట్టకూడదు. కరస్పాండెంటు గారు "వచ్చే నెల టెలిఫోను, ఆ పై నెల ఇంటర్నెట్" అని ఎటూ చెబుతూనే ఉన్నారు. అది వచ్చేసరికి పిల్లలు సిద్ధంగా ఉండాలి.

ఇక చెప్పాను. తెలియనివాళ్ళు అడిగితే పేరు చెప్పకండి, నాన్న పేరు చెప్పకండి, ఊరు చెప్పకండి. నేను ఫలానా ఆఫీసర్ని అంటారు, నమ్మకండి. ఫొటో చూపిస్తారు, ఎవరి ఫొటో అయినా పెట్టుకోవచ్చు, నమ్మకండి. ఏదైనా ఇస్తామంటే అస్సలు నమ్మకండి. తెలిసినవాళ్ళ పేరు పెట్టుకుని కూడా వస్తారు. బెంగుళూరు టీచరు కథంతా చెప్పాను, పిండిమర ఒక్కటీ దాచి. అసలు పేరు బదులు కంప్యూటర్లో వాడుకోవడానికి ఒక మారుపేరు పెట్టుకోమన్నాను. ఆ పేర్లన్నీ నా నోటుబుక్కులో రాసుకున్నాను. ఎవరైనా మీ ఇల్లు కనిపెట్టాలని వెంటపడితే తిన్నగా ఇంటికి వెళ్ళొద్దు, ఒంటరిగా ఉండొద్దు, పెద్దవాళ్ళు నలుగురున్న చోటికి వెళ్ళి చెప్పండి అన్నాను.

"నిజవేనండీ?" అంది రెండు రిబ్బన్ల పిల్ల.

"నూటికి నూరుపాళ్ళు నిజం," అన్నాను.

ఇదంతా కంప్యూటర్లో అడిగినప్పుడు అని చెప్పానా? చెప్పే ఉంటాను. కానీ వాళ్ళ ఒళ్ళో ఉన్నది అట్టముక్క. అందులోంచి ఎవరూ ఏమీ అడగరు. అడిగేవాళ్ళు ఎవరైనా సరే గుమ్మంలోంచే రావాలి.

వచ్చారు. ఓ బుధవారం పొద్దున్న పదకొండింటికి మండల విద్యాధికారి గారు, ఆయన వెనక గొడుగు పట్టుకుని అటెండరు. మా బడి మీద ఎవరో పిటిషన్ పెట్టారట. నాలుగో తరగతిలో లేని పిల్లల పేర్లు రాసుకుని గుర్తింపు నిలబెట్టుకుంటున్నారని దాని సారాంశం. తరగతికి ఇంతమంది ఉండాలన్న లెక్క తప్పితే గుర్తింపు పోతుంది. గుర్తింపు పోతే మా బడి ఇచ్చే టీసీ చిత్తు కాగితం. ఉన్న పిల్లలందరూ మళ్ళీ ఎక్కడో మొదటినుంచి చేరాలి. అందుకని ఆయన చేతిలో హాజరుపట్టీ పట్టుకుని తిన్నగా నాలుగో తరగతిలోకి నడిచారు. నేను పక్క గదిలో ఉన్నాను. మధ్యలో గోడ పైకప్పు దాకా లేదు కాబట్టి అంతా వినపడుతోంది.

"నీ పేరేమిటమ్మా?"

"సెప్పకూడదండి."

అది రెండు రిబ్బన్ల పిల్ల గొంతు. సుద్దముక్క పక్కన పెట్టి గోడ దగ్గరికి జరిగాను.

"చెప్పకూడదా? ఎందుకని?"

"మీరెవలో మాకు తెలీదు కదండి."

"నేను ఎంఈఓని."

"అలాగే అంతారండి."

ఆయన మంచి మనిషే. ముందు నవ్వారు. జేబులోంచి గుర్తింపు కార్డు తీసి చూపించారు. పిల్ల దగ్గరకొచ్చి ఫొటోని, ఆయన మొహాన్ని మార్చి మార్చి చూసింది. "ఫొటో ఎవలిదైనా ఎట్టుకోవచ్చండి," అంది చాలా మర్యాదగా.

ఆయన హాజరుపట్టీ తీసి వరసగా పేర్లు చదివారు. ఒక్కరూ పలకలేదు. పొద్దున్న అదే పట్టీ చూసి పిలిస్తే కిటికీలు అదిరేలా "ప్రెజెంట్ సార్" అన్న తరగతి అది. ఇప్పుడు పలికితే తమ పేరు తామే చెప్పినట్టవుతుందని వాళ్ళకి తట్టింది. నలభై ఒక్క పేర్లూ చదివారు. చివరి పేరు రెండుసార్లు చదివారు.

ఈలోపు కరస్పాండెంటు గారు చెమటలు కక్కుతూ వచ్చారు. విషయం అర్థమై, చాక్లెట్ల పొట్లం తెప్పించి విప్పారు. "పేరు సెప్పినోలికి రెండేసి!" అన్నారు.

"ఒరే, చాక్లెట్లు ఇస్తన్నాడ్రా!" అని వెనక బెంచీలోంచి ఒక కేక. తరగతి తరగతంతా లేచి గోడకి అతుక్కుపోయింది. ఏదైనా ఇస్తామనేవాళ్ళ దగ్గర అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాలని చెప్పింది నేనే మరి.

అప్పుడు నన్ను పిలిచారు. వెళ్ళాను. "పిల్లలూ, సార్ మనవాళ్ళే. పేర్లు చెప్పండి," అన్నాను.

రెండు రిబ్బన్ల పిల్ల నా వైపు జాలిగా చూసింది. "తెలిసినోలనాగ వచ్చి అడుగుతారని మీరే సెప్పేరు కదండీ."

"తెలిసినవాళ్ళలాగ రావడమేమిటే? నేనే వచ్చాను!"

"బెంగుళూరు టీచరు కూడా అలాగే అన్నాదండి."

ఏదో ఒకటి చేసి బిగుసుకుపోయిన తరగతిని మాట్లాడించాలని, "పోనీ మీ కంప్యూటర్ పేర్లయినా చెప్పండి," అన్నాను. ఎందుకన్నానా అని ఈ రోజుకీ అనుకుంటాను. ఆ పేర్లు చెప్పడానికి వాళ్ళకి అభ్యంతరం లేదు. ఉత్సాహంగా క్యూ కట్టారు. ఎంఈఓ గారు పెన్ను తీశారు.

"పెసరట్టు అండి."

"ట్రాక్టరండి."

"పులి ఒకటండి."

"పులి రెండండి. ఆడు నాకన్నా ముందు రాయించుకున్నాడండి."

"బెల్లం దిమ్మండి."

రెండు రిబ్బన్ల పిల్ల ముందుకొచ్చి చేతులు కట్టుకుని నిలబడింది. "కలెక్టరండి."

ఎంఈఓ గారు గభాల్న సగం లేచి గుమ్మం వైపు చూశారు. గుమ్మంలో ఎవరూ లేరు. మళ్ళీ కూర్చుని, పెన్నుకి క్యాప్ పెట్టేశారు.

"ముప్పై ఏళ్ళ సర్వీసులో ఇంత తర్ఫీదు చూడలేదు," అన్నారు కరస్పాండెంటు గారితో. "వీళ్ళు మీ పిల్లలు కారు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి అద్దెకి తెచ్చి కూర్చోబెట్టారు. సొంత పేర్లు చెబితే దొరికిపోతారని నోళ్ళు కుట్టారు."

"అయ్యో, మన పిల్లలేనండి! ఒట్టండి!"

"అయితే బడి వదిలాక ఒక్కొక్కరి వెనకా నేనే నడుస్తాను. ఏ గుమ్మంలోకి ఎవరు వెళ్తారో చూసి రాసుకుంటాను. ఇళ్ళు కూడా అద్దెకి తేలేరు కదా?"

ఇది విని కరస్పాండెంటు గారు ఊపిరి పీల్చుకున్నారు. నేను పీల్చుకోలేదు. వెంటపడేవాళ్ళ గురించి పాఠంలో ఏం చెప్పానో ఆ గదిలో నాకు, పిల్లలకి తప్ప ఎవరికీ తెలియదు.

సాయంత్రం గంట కొట్టారు. ఎంఈఓ గారు ముందుగా కలెక్టర్ని ఎంచుకున్నారు. ఆమె సంచీ తగిలించుకుని గేటు దాటింది, నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి చూసింది. ఆయన నడుస్తున్నారు. ఆమె చెయ్యెత్తి ఒక సైగ చేసింది. ముప్పై ఐదుమందీ ఆమె చుట్టూ చేరిపోయారు. ఒంటరిగా ఉండకూడదు కదా.

అలా బయల్దేరాం. ముందు పిల్లలు ఇద్దరిద్దరు చేతులు పట్టుకుని. వెనక హాజరుపట్టీతో ఎంఈఓ గారు, ఆయన నెత్తి మీద గొడుగుతో అటెండరు. ఆ వెనక నేను, తెలుగు మాస్టారు. చివర్న కరస్పాండెంటు గారు స్కూటరు మీద, కాళ్ళు నేలకి ఆనించి తోసుకుంటూ.

తిన్నగా ఇంటికి వెళ్ళకూడదు కాబట్టి కూరగాయల బజారు చుట్టూ ఒకసారి తిరిగాం. వెంటపడుతున్నది నిజమా కాదా చూడాలి కాబట్టి రెండోసారి తిరిగాం. బెల్లం బళ్ళు ఆగిపోయాయి. అంగళ్ళలోంచి జనం బయటికొచ్చారు.

"ఏటండీ, పోలియో చుక్కలేటి?" అని ఒక వంకాయలమ్మే ఆవిడ అడిగింది.

"కాదమ్మా, ఇన్‌స్పెక్షన్," అన్నాడు అటెండరు.

"నడిచే ఇన్‌స్పెక్షనా నాయినా?"

బస్‌స్టాండు లోపలికి ఒక వైపు నుంచి వెళ్ళి రెండో వైపు నుంచి వచ్చాం. చీడికాడ బస్సు డ్రైవరు మాకోసం బస్సు ఆపి, ఎక్కుతామేమోనని కాసేపు చూశాడు. ఎంఈఓ గారి చొక్కా వీపుకి అంటుకుపోయింది. "వీళ్ళ ఇళ్ళు ఎంత దూరమండీ?" అని నన్ను అడిగారు.

"దగ్గరేనండి," అన్నాను. నిజానికి కలెక్టరు ఇల్లు దాటి రెండుసార్లు వచ్చాం. వాళ్ళ నాన్నమ్మ అరుగు మీద కూర్చుని మమ్మల్ని చూస్తూనే ఉంది. పిల్ల కన్నెత్తి అటు చూడలేదు. నా జీవితంలో ఏ విద్యార్థీ నా పాఠాన్ని అంత శ్రద్ధగా పాటించలేదు. గర్వపడాలో ఏడవాలో తెలియని నడక అది.

పెద్దవాళ్ళు నలుగురున్న చోటు కోసం ఆలోచించి, ఆమె చివరికి మమ్మల్ని పోలీస్ స్టేషన్‌లోకి నడిపించింది.

హెడ్ కానిస్టేబుల్ గారు టీ గ్లాసు పట్టుకుని వరండాలో నిలబడి ఉన్నారు. గేటులోంచి పిల్లలు వస్తూనే ఉన్నారు. "ఏటర్రా ఇది? మిమ్మల్ని ఎవలు తీసుకొచ్చేరు?"

"కలెక్టరండి!" అన్నారు ముప్పై ఐదుమందీ.

ఆయన టీ గ్లాసు కిటికీలో పెట్టేసి, చొక్కా పై గుండీ పెట్టుకుని, బిర్రబిగుసుకుని నిలబడ్డారు. రెండు రిబ్బన్ల పిల్ల ఆయన ఎదురుగా వెళ్ళి నిలబడి, "ఎవలో మా ఎనకాల పడతన్నారండి. పొద్దున్నుంచీ మా పేర్లు అడగతన్నారు. చాక్లెట్లు కూడా ఇస్తానన్నారు," అని చెప్పి, వేలు పెట్టి చూపించింది.

హెడ్ కానిస్టేబుల్ గారి మొహం మారింది. గొడుగు కింద నిలబడిన మనిషి దగ్గరికి వెళ్ళారు. "ఏటయ్యా? నీ పేరేటి? తండ్రి పేరేటి? ఏ ఊరు?"

ఎండలో గంటసేపు నడిచిన మనిషి. "నా పేరు నీకెందుకయ్యా? నేను చెప్పను!" అని అరిచారు ఎంఈఓ గారు.

పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆ రోజు మొత్తంలో ఆయన వైపు మొదటిసారి గౌరవంగా చూశారు.

అటెండరు, కరస్పాండెంటు గారు, నేను ముగ్గురం ఒకేసారి మాట్లాడి, ఎవరెవరో చెప్పి, ఎంఈఓ గారికి కుర్చీ, మంచినీళ్ళు ఇప్పించేసరికి ఊళ్ళో మరో సంగతి పాకిపోయింది. నాలుగో తరగతినంతా పోలీసులు పట్టుకుపోయారని. ఇక చూడండి. చేతికి పిండి అంటుకుని ఉన్నవాళ్ళు, తడి తలకి తువ్వాలు చుట్టుకున్నవాళ్ళు, సైకిళ్ళు పడేసి పరిగెత్తుకొచ్చినవాళ్ళు, అమ్మలు, నాన్నలు, నాన్నమ్మలు స్టేషన్ గేటు మీద పడ్డారు. ప్రతి ఒక్కరూ గొంతు చించుకుని తమ పిల్లల్ని పేరు పెట్టి పిలుస్తున్నారు. "ఒరే! ఏం జేసేవురా?" "ఒసే గుంటా, ఇటు రాయే!"

పిలిచినవాళ్ళ దగ్గరికి పిలిపించుకున్న పిల్ల పరిగెత్తి వెళ్ళి కాళ్ళకి చుట్టుకుంటోంది.

ఎంఈఓ గారు మంచినీళ్ళ గ్లాసు దింపారు. ఒక్క క్షణం విన్నారు. తర్వాత హాజరుపట్టీ తెరిచి, హెడ్ కానిస్టేబుల్ గారి బల్ల మీద పెట్టుకుని, వినపడ్డ పేరుకల్లా టిక్కు పెట్టడం మొదలుపెట్టారు. పొద్దున్నుంచీ రాని పేర్లు వర్షంలా పడుతుంటే ఆయన పెన్ను ఆగలేదు. ముప్పై ఆరు టిక్కులు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బడి నిలబడింది అనుకున్నాను.

గొడవ సద్దుమణిగింది. ఎంఈఓ గారు తలెత్తారు. "ఇంకా ఐదుగురున్నారు. వాళ్ళని ఎవరూ పిలవలేదే?"

కరస్పాండెంటు గారు గొంతు సవరించుకున్నారు. "ఆ ఐదుగురూ ఇంకా బాగా నేర్చుకున్నారండి," అన్నారు. "పేరే కాదు, మనిషి కూడా కనపడరు."

తెలుగు మాస్టారు కంగారుగా కలగజేసుకున్నారు. "ఒక గుంటకి జొరమండి. అన్నదమ్ములిద్దరు పెళ్ళికెళ్ళేరండి."

ఎంఈఓ గారు ఆయన్ని వదిలేసి నా వైపు తిరిగారు. "మీరు చెప్పండమ్మా. ఆ ఐదుగురు మీ క్లాసుకి వస్తారా?"

ఇప్పుడు చెబుతుంటే సుళువుగా ఉంది. అప్పుడు నా వెనక, నాకు ఉద్యోగమిచ్చిన మనిషి స్కూటరు హ్యాండిల్ పట్టుకుని నిలబడి ఉన్నారు. టైపు ఇన్‌స్టిట్యూట్‌కి తాళం పడిపోయి నాలుగు నెలలైంది. వస్తారండి అంటే సరిపోయేది. ఎదురుగా ఆ రెండు రిబ్బన్ల పిల్ల వాళ్ళ నాన్నమ్మ కొంగు పట్టుకుని నన్నే చూస్తోంది. లేని మనిషి ఉన్నానని చెబితే నమ్మొద్దని పీరియడ్ల తరబడి చెప్పాను ఆ పిల్లకి. సంచీలోంచి నా నోటుబుక్కు తీసి ఎంఈఓ గారి ముందు పెట్టాను.

"నా దగ్గర ముప్పై ఆరు కంప్యూటర్ పేర్లే ఉన్నాయండి," అన్నాను.

ఆయన పెసరట్టు నుంచి కలెక్టరు దాకా వేలు పెట్టి లెక్కపెట్టుకున్నారు. నోటుబుక్కు మూసి నాకిచ్చేశారు. కరస్పాండెంటు గారు స్కూటరు స్టార్ట్ చేసుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయారు.

మర్నాడు నేను బడికి వెళ్ళింది కుర్చీలో ఉన్న నా కుషన్ తెచ్చుకోవడానికే. అంత ఖాయంగా అనుకున్నాను, పని పోయిందని. అయితే గేటు దగ్గర తల్లులు గుంపుగా నిలబడి ఉన్నారు. "మా గుంటకి ఎవడు పిలిస్తే ఆడి ఎనకాల ఎల్లిపోయే అలవాటుండీదండి. ఇప్పుడు పోలీసోల కాడికి ఎల్లి సెప్పింది. ఆ పాఠం మా సిన్నోడికి కూడా సెప్పించండి," అని కరస్పాండెంటు గారిని పట్టుకున్నారు. ఆయన నా వైపు చూడకుండా, "సెప్పిస్తాను," అన్నారు. మూడు వారాలు నాతో నేరుగా మాట్లాడలేదు. ఏం కావాలన్నా ఆయా చేత చెప్పించేవారు.

ఎంఈఓ గారు మెమో ఇచ్చి ఊరుకున్నారు. ఆ ఐదు పేర్లూ తీసేయమన్నారు. తరగతి లెక్క సరిపోవడానికి వచ్చే జూన్ దాకా గడువిచ్చారు. నాకు మాత్రం విడిగా ఒక సలహా ఇచ్చారు. "పాఠం బాగుందమ్మా. ఎవరికి చెప్పకూడదో చెప్పారు. ఎవరికి చెప్పొచ్చో కూడా ఒక పీరియడ్ చెప్పండి." చెప్పాను. ఒక పీరియడ్ సరిపోలేదు, వారం పట్టింది. ఆ వారం చివర్లో తపాలా బంట్రోతు వస్తే, నాలుగో తరగతి ఆయన్ని చుట్టుముట్టి పేర్లు, ఇళ్ళు, ఇంట్లో ఎవరెవరికి ఏ జబ్బులున్నాయో, ఎవరి నాన్న ఎవరితో మాట్లాడడో అన్నీ చెప్పేసింది. మీరు ఈ పాఠం చెప్పేటప్పుడు గుర్తుంచుకోండి. పెద్దవాళ్ళం ఒక నియమాన్ని ఎక్కడ మొదలుపెట్టాలో ఎక్కడ ఆపాలో తెలిసి వాడుకుంటాం. పిల్లలకి అలా కుదరదు. చెబితే మొత్తం చేస్తారు.

మెమో వచ్చిన శనివారం మధ్యాహ్నం బడి వదిలాక స్టాఫ్‌రూమ్‌లో తెలుగు మాస్టారు ఒక్కరే కూర్చుని ఉన్నారు. ముందు హాజరుపట్టీ, ఎర్ర సిరా పెన్ను. నా మీద కోపంగా ఉంటారనుకుని గుమ్మంలోనే ఆగాను.

"రా అమ్మా, కూకో," అన్నారు. "కొట్టీమన్నారు గానీ ఊరికే కొట్టీడానికి అవదు. కారణం రాయాల. ఊరు మారిపోనారని రాద్దారనుకుంటన్నాను. ఏ ఊరు పంపించీమంటావు?"

పక్కనే ఆ ఐదుగురి ప్రోగ్రెస్ కార్డులున్నాయి. తీసి చూశాను. మూడు పరీక్షల మార్కులు. ఒకడికి లెక్కల్లో పదకొండు. ఒక పిల్లకి తెలుగులో తొంభై రెండు. కింద ఆ అచ్చు గుద్దినట్టుండే చేతిరాతతో, "శ్రద్ధ గలది. కొంచెం గట్టిగా చదవాలి" అని ఉంది.

"లేని పిల్లలకి మార్కులెందుకు వేశారు మాస్టారూ?"

"మరి సున్నా ఎయ్యమంటావేటి?" అన్నారు ఆయన, నేనేదో అన్యాయం మాట్లాడినట్టు. "పరీక్ష రాసేరో లేదో మనకి తెలీదు కదా."

ఇద్దరం కూర్చున్నాం. అన్నదమ్ములిద్దర్నీ విడదీయకూడదని ఇద్దర్నీ కె.కోటపాడు పంపించాం. లెక్కలు రానివాణ్ణి వడ్డాది పంపించాం, సంతలో అంగడి పెట్టించి లెక్కలు నేర్పుతారని మాస్టారు అన్నారు. ఇంకొకణ్ణి చీడికాడ పంపించాం. వాడికి తరచూ దగ్గొస్తుందని, కొండగాలి మంచిదని.

చివరికి తెలుగులో తొంభై రెండొచ్చిన పిల్ల మిగిలింది. మాస్టారి పెన్ను ఆ పేరు మీద చాలాసేపు ఆగింది.

"ఈ గుంట బాగా సదువుతాది. విశాఖపట్నం పంపించీమంటావా?"

"పంపించండి మాస్టారూ."

ఆయన జాగ్రత్తగా రాశారు. సిరా ఆరేదాకా ఊదారు. పట్టీ మూయబోయి, మళ్ళీ తెరిచి, దిగులుగా నా మొహంలోకి చూశారు.

"అంత పెద్ద ఊర్లో ఎక్కడుంటాదమ్మా?"

నేను కుర్చీ దగ్గరికి జరుపుకున్నాను. విశాఖపట్నంలో ఆడపిల్లలకి మంచి హాస్టలు ఎక్కడుందో ఇద్దరం కూర్చుని ఆలోచించాం.